చొక్కా విప్పని మనిషి

నేను చేసిన చింతచారును మా అత్త తిప్పమ్మ గిన్నెతో సహా ఎత్తుకుపోయి వీధి కాలవలో ఒంపేసింది. ఎదురింటి లక్ష్మీనరసమ్మ వాకిట్లో ఉందో లేదో చూసుకొని మరీ ఒంపింది.

"ఇంగ దీని చేతి కూడు ఈ ఇంట్లో ఎవరూ తినేది లేదు" అంది, ఎదురింటికి వినపడేలా. "నా కొడుకు తిన్న కాడికి చాలు."

ఖాళీ గిన్నె తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది. నేను తీయలేదు. పొద్దుగూకేదాకా అక్కడే పడి ఉన్నా తీసేదాన్ని కాదు.

నాకు కోపం అత్త మీద కాదు. అంటే, అత్త మీద కూడా ఉంది, లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ అసలు కోపం మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసుకొని, ఏమీ వినపడనట్టు టకటకమని నేసుకుంటున్న మనిషి మీద. ఆయన నా మొగుడు నాగేశ్వర. కన్నతల్లి తన పెళ్ళాన్ని నడివీధిలో మందు పెట్టినదాన్ని చేస్తుంటే, ఆయన పోగు తెగిందా లేదా అని చూసుకుంటున్నాడు.

ఎండలు మండిపోతున్నాయి. మాది రేకుల ఇల్లు. ధర్మవరంలో మా వీధిలో మగ్గం మీద కూర్చున్న మగవాళ్ళంతా ఒంటి మీద గుడ్డ లేకుండా నేస్తుంటే, ఈయన మాత్రం మెడ దాకా గుండీలు పెట్టుకొని, లోపల బిగుతు బనియన్ తొడుక్కొని, చెమటలో నానిపోతూ నేస్తున్నాడు. ఆ చొక్కాలు వదులుగా, ఛాతీకి రెండు పక్కలా జేబులు పెట్టించి కుట్టించింది నేనే. ఆయన ఛాతీని దాయడానికి నేను పడ్డ తిప్పలు ఆ జేబులకు తెలుసు.

ఇప్పుడు దాయడానికి ఏమీ లేదు. మొన్న ఆదివారం జ్యోతుల పండగలో ఊరంతా చూసేసింది. మా కులదేవత చౌడమ్మ జ్యోతి మోసే వంతు ఈసారి మా ఇంటిది. జ్యోతి ఎత్తుకునే మగవాడు నడుం పైన గుడ్డ ఉంచుకోకూడదు. విప్పనన్నాడు. పెద్దలు కసిరారు. విప్పాడు. ఆడదానికి ఉన్నట్టు ఉబ్బిన రెండు రొమ్ములతో, తల మీద జ్యోతితో, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు మా అత్త ఇంటికొచ్చి చెప్పుకున్న కారణం నేను.

మా దిక్కు పెట్టుడుమందు అంటే తెలియనివాళ్ళు లేరు. మొగుణ్ణి కొంగుకు కట్టేసుకోవాలనుకున్న పెళ్ళాం కూట్లో కలిపి పెడుతుందట. అది కడుపులో ఉండ కట్టుకొని కూర్చొని మగవాణ్ణి మగవాడు కాకుండా చేస్తుందట. పెట్టినదాని మాట తప్ప ఇంకెవరి మాటా వినడట. నాగేశ్వర నా మాట ఏనాడు విన్నాడో ఎవరైనా చెప్పండి చూద్దాం. నా మాట వినే మొగుడే అయితే ఆరునెల్ల కిందే ఆస్పత్రికి పోయి వచ్చేవాళ్ళం.

"శుక్రవారం గుడికాడ మన కులపోళ్ళంతా ఉంటారు" అంది అత్త, గడప మీద కూర్చొని. ఆయాసంతో రొప్పుతోంది. ఆమెకు గుండె జబ్బు. "చౌడమ్మ ముందర నిలబడి, నేనే పెట్టినా, తప్పయింది తల్లీ అని చెప్పుకో. మళ్ళా ఇంట్లోకి రానిస్తా. లేదంటే మీ పుట్టింటికి, నల్లమాడకు బస్సెక్కు. నా మనవరాలు మాత్రం ఈడనే ఉంటాది."

"చేయని తప్పు యాల ఒప్పుకోవల్ల అత్తా?"

"చేయకుంటే వానికి అట్ల యాల వచ్చింది? మా వంశంలో యా మగోనికన్నా ఉండాదా? నువ్వు చెప్పు."

"ఆస్పత్రికి పోతే వాళ్ళు చెప్తారు."

"పోయి ఆడ గూడా చొక్కా ఇప్పల్లనా? ఆదివారం ఇప్పింది చాల్లేదా మీకు?"

మగ్గం చప్పుడు ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ మొదలైంది.

నేను లేచి మగ్గం దగ్గరికి పోయాను. గుంత అంచున కూర్చున్నాను, ముఖం కనపడేటట్టు.

"ఏమప్పా. ఒక మాట చెప్పు. నేను పెట్టినానా?"

"నేనేం అన్లేదే."

"అన్లేదు కాబట్టే అడుగుతాండా. మా హేమావతి పెట్టలేదు అని ఒక్క మాట అను. గట్టిగా అను, గడప దాకా వినపడల్ల."

చేతిలో ఉన్న, పోగును అటూ ఇటూ నడిపే నాడెను తిప్పి చూశాడు. దాంట్లో చూడ్డానికి ఏముంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న నాడె.

"అమ్మకు ఇప్పుడు ఏం చెప్పినా ఎక్కదు" అన్నాడు. "రోంత ఓర్చుకో."

"ఇంగా యాడికని ఓర్చుకోవల్ల?"

మగ్గం కింది పలకలు తొక్కడం మొదలుపెట్టాడు. ఆ మగ్గాన్ని గొడ్డలి తీసుకొని నరకాలనిపించింది. నిజంగా అనిపించింది.

మధ్యాహ్నానికి అత్త పిలిపించిన మనిషి మోటారుసైకిల్ మీద దిగాడు. పేరు మద్దిలేటి. కడుపులోని మందు కక్కిస్తాడని చుట్టుపక్కల పేరుంది. తెల్లబట్టలు, నుదుటన వేలెడంత కుంకుమ. వచ్చీ రాగానే నా ముఖం చూసి తల పంకించాడు. అంటే నేను దొంగనని ఆయనకు చూడగానే తెలిసిపోయిందన్నమాట.

ఏవో ఆకులు నూరి చెంబెడు పసరు చేసి ఇచ్చాడు. నేను పెద్దాస్పత్రికి పోదామని కాళ్ళు పట్టుకొని అడిగితే కదలని మొగుడు, ఊరూ పేరూ తెలియనివాడు ఇచ్చిన పసరును గుటగుటా తాగేశాడు. తర్వాత పెరట్లో గోడ పట్టుకొని కక్కడం మొదలుపెట్టాడు. పేగులు బయటికి వస్తాయేమో అన్నట్టు కక్కాడు. నేను వీపు రాయబోతే అత్త నా చేయి తోసేసింది.

మద్దిలేటి కిందికి వంగి, కక్కినదాంట్లో చేయిపెట్టి కెలికి, రెండు వేళ్ళతో ఒక ఉండను పైకి తీశాడు.

"ఇదో తల్లీ. ఇదే. గట్టిగా పట్టుకోనుండాది లోపల."

అత్త రెండు చేతులూ ఎత్తి మొక్కింది. గోడ మీద నుంచి లక్ష్మీనరసమ్మ మెడ చాపింది. నేను దగ్గరికి పోయి చూశాను. కొంచెం వెంట్రుకలు, కొంచెం మట్టి, చుట్టూ పట్టుపోగు. నెమలికంఠం రంగు పట్టుపోగు.

నా ఒళ్ళు భగ్గుమంది.

"అత్తా, ఈ పట్టు చూడు. నెమలికంఠం. ఈ రంగు మన ఇంటికి వచ్చిందే మొన్న. నిన్న సాయంత్రం రాట్నం కాడ కూర్చోని కండెలకు చుట్టింది నేను. పొద్దున మగ్గం కింద తునకలు పడుంటే ఊడ్చింది నేను. అది ఆరునెల్ల కింద ఈయన కడుపులోకి ఎట్ల పోయింది?"

మద్దిలేటి ఒక్కసారి మగ్గం వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

అప్పుడు అత్త అంది, "చూసినావా స్వామీ. యా పోగో గూడా దానికే తెలుసు."

"పెట్టినోళ్ళకు తెలీకుండా యాడికి పోతాది తల్లీ" అన్నాడు మద్దిలేటి.

నాకు నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వొస్తే మనిషి పిచ్చిదానిలా కనపడుతుంది. కనపడితే కనపడనీ అనుకొని నవ్వాను. నవ్వి మొగుడి వైపు తిరిగాను. పోగును ముట్టుకోకుండానే ఏ రంగు, ఏ లాటు అని చెప్పగలిగే మనిషి ఆయన. ఆ రంగు మీద పొద్దున జానెడు నేసింది ఆయనే.

"నువ్వు చెప్పప్పా. అది యా పోగు?"

నోరు తుడుచుకున్నాడు. ఆ ఉండను చూశాడు. చూశాడు, గుర్తుపట్టాడు కూడా. ఆయన కళ్ళలో ఆ గుర్తింపు నాకు తెలుస్తుంది.

"కండ్లు తిరుగుతాండాయి" అన్నాడు. "సరిగా కనపడ్లేదు."

ఆ మాటతో నాకు ఆయన మీద ఉన్న జాలి సగం చచ్చిపోయింది.

మిగిలిన సగాన్ని మరుసటి రోజు పొద్దున వాడాల్సి వచ్చింది. లేచి నిలబడలేకపోయాడు. పెదాలు ఎండిపోయాయి, చేతులు చల్లబడ్డాయి. అత్తకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కొడుక్కి జ్వరం వచ్చినా గుడికి ముడుపు కట్టే మనిషి.

"అనంతపురం తీసుకోని పో" అంది నాతోనే, వేరే దిక్కు లేక. "గ్లూకోసు ఎక్కించుకొని రాండి. దానికే పొండి. ఇంగ దేనికీ కాదు, చెప్తాండా."

సరే అన్నాను. మనసులో ఇంకోటి అనుకున్నాను.

అనంతపురంలో జయరాం డాక్టరు గారి ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. బాటిల్ అయిపోయేసరికి ఈయన ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది. డాక్టరు వచ్చి నాడి చూసి, ఇంక ఇంటికి పోవచ్చన్నాడు.

"సార్, ఇంకొకటి చూడల్ల" అన్నాను.

"హేమా" అన్నాడు నా మొగుడు. హెచ్చరికగా అన్నాడు.

"ఆ మద్దిలేటి పసరు తాగినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు? చొక్కా ఇప్పు."

డాక్టరు నా వైపొకసారి, ఆయన వైపొకసారి చూశాడు. తలుపు మూసి తెర లాగాడు. నాగేశ్వర ఒక్కో గుండీ విప్పాడు. బనియన్ పైకి లాగి, కళ్ళు గోడ మీద పెట్టి నిలబడ్డాడు. అప్పుడు నాకు మళ్ళీ జాలేసింది. నా మీద నాకే విసుగేసింది.

డాక్టరు వేళ్ళతో మెల్లగా నొక్కి చూశాడు. చనుమొన కింద నొక్కగానే ఈయన పళ్ళు బిగించాడు.

"నొప్పి ఉందా? ఎన్నాళ్ళ నుంచి?"

"సంక్రాంతికి ముందు నుంచి సార్" అన్నాను నేను.

"ఆయన్ను చెప్పనీమ్మా."

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. కళ్ళ కింది రెప్ప లాగి చూశాడు. నన్ను రెండు నిమిషాలు బయట ఉండమని కింద కూడా పరీక్ష చేశాడు. మళ్ళీ లోపలికి పిలిచి కూర్చోమన్నాడు.

"ఇది కొవ్వు కాదు, లోపల గ్రంథి పెరిగింది. గైనకోమాస్టియా అంటాం. సిగ్గుపడే జబ్బేమీ కాదప్పా, వారానికి ఇద్దరు ముగ్గురు వస్తుంటారు. మగవాళ్ళ ఒంట్లోనూ ఆడ హార్మోను కొంచెం ఉంటుంది. మగ హార్మోను తగ్గినా, పని చేయకపోయినా, ఆ కొంచెమే ఎక్కువైపోతుంది. వయసుకొచ్చే పిల్లలకు వచ్చి దానంతట అదే పోతుంది. నీ వయసులో అట్ల ఊరికే రాదు. తాగుడు ఉందా?"

"లేదు సార్."

"లివర్ బాగానే ఉన్నట్టుంది, అయినా రక్తపరీక్ష చేద్దాం. వృషణాల్లో గడ్డలేమీ తగల్లేదు, అది మంచిమాట. ఇంక మాత్రలు. ఏమేం వాడుతున్నావు?"

"ఏమీ లేవు సార్."

"గ్యాసుకు? జుట్టు ఊడకుండా? జిమ్ములో ఎవరైనా ఇచ్చిన పొడి?"

"మగ్గం నేసేవాళ్ళకు జిమ్ము యాడిది సార్" అన్నాను.

డాక్టరు నా మాట పట్టించుకోలేదు. ఆయన్నే చూస్తున్నాడు. "నీకని ఎవరూ రాసివ్వనివి కూడా చెప్పాలి. ఇంట్లో ఎవరిదైనా తీసుకొని వేసుకుంటున్నావా?"

నాగేశ్వర చొక్కా జేబులో వేళ్ళు పెట్టి, కత్తిరించిన మాత్రల అట్టముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"మా అమ్మవి" అన్నాడు. "గుండెకు వాడుతాది. కాళ్ళ వాపు తీస్తాదంట. దినమంతా గుంతలో కాళ్ళు వేలాడేసుకుంటే నాకూ వాస్తాయి సార్. చెప్పుల్లో పట్టవు. అమ్మ చూడలేక ఇచ్చింది. దసరా నుంచి తింటాండా."

మూడు పూటలా కంచంలో వడ్డించేది నేను. ఆయన ఏం తింటున్నాడో నాకు తెలియదు. నేను బోరు దగ్గర నీళ్ళకు పోయినప్పుడు అత్త ఇచ్చి ఉంటుంది. నాకు తెలిస్తే అరుస్తానని నా చాటున ఇచ్చి ఉంటుంది. నిజమే, అరిచేదాన్ని.

డాక్టరు అట్టముక్క తిప్పి చూసి నిట్టూర్చాడు.

"దొరికింది. ఇది ఒంట్లో నీరు తీసే మాత్ర. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు చాలా మంచిది. కానీ మగ హార్మోను పని చేయకుండా అడ్డం పడుతుంది. మగవాళ్ళు వాడితే కొందరికి ఇట్లా వస్తుంది, మేము రాసిచ్చినప్పుడు కనిపెట్టుకొని ఉంటాం. నీకు గుండె జబ్బు లేదు, ఇది అక్కర్లేదు. నువ్వు కాళ్ళు మధ్య మధ్య ఎత్తి పెట్టుకొని, గంటకొకసారి లేచి నడిస్తే చాలు. ఇవాళ్టి నుంచి ఆపెయ్."

"ఆపితే తగ్గుతాదా సార్?" అన్నాను.

"నొప్పి ముందు తగ్గుతుంది. వాపు మెల్లగా కరుగుతుంది, నెలలు పట్టొచ్చు. ఇంకా మెత్తగానే ఉంది కాబట్టి కరగడానికి వీలుంది. తగ్గకపోతే వేరే మందు ఉంది. కానీ ఇట్లాగే తింటూ పోతే లోపల గట్టిపడిపోతుంది. గట్టిపడ్డాక మాత్ర ఆపినా పోదు, మందుకూ లొంగదు, కోసి తీయాల్సిందే. ఇంకోటి, ఒంట్లో పొటాషియం పెంచి మంచి గుండెనే ఆపగలదు ఈ మాత్ర. ఆడుకునే వస్తువు కాదు."

తర్వాత నా వైపు తిరిగాడు. "మీ అత్తగారు తనవి ఈయనకు పంచి, తను తక్కువ వేసుకుంటూ ఉంటుంది. ఆయాసం ఎక్కువైందా?"

"అయింది సార్. గడప దిగితే రొప్పుతాది."

"ఆమె ఒక్కరోజు కూడా మానకూడదు. రేపో ఎల్లుండో తీసుకురా. నేనే చెప్తాను, భయపడకుండా."

ఆస్పత్రి మెట్లు దిగుతుంటే నాకు ఒళ్ళు తేలికైంది. అబ్బా, ఎన్నాళ్ళకు. రేపటి గుడి, కులపోళ్ళు, నల్లమాడ బస్సు, అన్నీ పోయాయనుకున్నాను. ఎనిమిదో తరగతి చదువుతున్న నా రేఖను ఇంక ఎవరూ మందు పెట్టినదాని కూతురని అనరనుకున్నాను. సెలవులకని మా అక్క దగ్గరికి పంపాను, లేకపోతే ఈ మాటలన్నీ అది వినేది.

బస్టాండులో ఈయన టీ కూడా తాగలేదు. ధర్మవరం బస్సు ఇంకా రాలేదు. స్తంభానికి ఆనుకొని అన్నాడు.

"అమ్మకు చెప్పొద్దు."

నేను తప్పుగా విన్నాననుకున్నాను. "ఏమి చెప్పొద్దు?"

"బిళ్ళ సంగతి. తన బిళ్ళతోనే కొడుక్కి ఇట్లయిందని తెలిస్తే ఇంగ దాన్ని ముట్టదు. పోయినేడు ఎవరో కిడ్నీలు చెడిపోతాయని చెప్తే మానేసి, ఊపిరాడక పడిపోయింది. నువ్వూ నేనూ ఎత్తుకోని ఆస్పత్రికి పోయినాం. మర్చిపోయినావా?"

"అందుకే డాక్టరు తీసుకోని రమ్మన్నాడు. ఆయన చెప్తే ఇంటాది."

"ఇనదు. నాకు తెలుసు." నేల చూపులు చూస్తూ అన్నాడు. "నేను చాటుగా పారేస్తా. రోంత రోంత తగ్గిపోతాది. మద్దిలేటి తీసినాడు కాబట్టి తగ్గిందనుకుంటారు."

"మరి రేపు?"

బస్సు వచ్చే దిక్కు చూశాడు.

"రేపు గుడికాడ నేను ఏం చేయల్ల? చెప్పప్పా. నోరు తెరిచి చెప్పు."

"ఒప్పుకోరాదా" అన్నాడు. "ఒక్క మాట. అమ్మే కదా, మళ్ళా ఇంట్లోకి తీసుకుంటాది. నాలుగు నాళ్ళు పోతే ఎవరికి గుర్తుంటాది?"

బస్టాండంతా జనం. లేకపోతే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

"నాకు గుర్తుంటాది. రేఖకు గుర్తుంటాది. దాని సంబంధానికి వచ్చే ప్రతివానికీ ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. నీ తల్లి గుండె కోసం నేను విషం పెట్టినదాన్ని కావల్లనా?"

"మెల్లగా మాట్లాడు."

"యాల మెల్లగా? నీ తల్లి గుండె గురించే అయితే డాక్టరు కాడికి తీసుకోని పోయేందుకు నీకేం నొప్పి? నిజం చెప్పు. ఇది ఆమె గుండె కోసం కాదు."

అప్పుడు తలెత్తాడు. ఈ రెండు రోజుల్లో మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉంది, నా మీద కాదు, తన ఒంటి మీద.

"పెళ్ళాం మందు పెట్టిందంటే ఊరు నన్ను చూసి పాపం అంటాది" అన్నాడు. "అమ్మ బిళ్ళలు తిని ఆడంగి అయినాడంటే నవ్వుతాది. ఇంగో సారి నవ్వితే నేను బతకలేను హేమా. నీకు తెలీదు ఆ జ్యోతి కింద నడవడం."

నాకు తెలుసు. ఆ వీధిలో పక్కన నడిచింది నేను. నవ్విన పిల్లవాడి వైపు తిరిగి చూసింది నేను. ఆ రాత్రంతా ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటే నిద్రపోకుండా కూర్చున్నది నేను. ఇవన్నీ చెప్పాలనుకున్నాను. బస్సొచ్చింది. చెప్పలేదు.

బత్తలపల్లె దాటేదాకా ఇద్దరం చెరో వైపు చూస్తూ కూర్చున్నాం. కిటికీ బయట ఎండిన వేరుశనగ చేలు. మధ్యలో ఒకసారి ఆయన నా చేతి మీద చేయి వేశాడు. నేను తీసేశాను.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్త అరుగు మీదే కూర్చొని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, ఆయాసం వచ్చి మళ్ళీ కూర్చుంది.

"ఎక్కించినారా నాయనా? ఇప్పుడెట్లుండాది?"

"బాగుండాదిమా."

అరుగు మీద కూర్చున్న కొడుకు కాళ్ళు పట్టుకొని చూసింది. సెలైన్ మంచం, బస్సు, బస్టాండు, దినమంతా కాళ్ళు కిందికే. పాదాలు బోదలెక్కి ఉన్నాయి.

"అయ్యో, ఎట్ల వాచినాయో చూడు" అని గోడ పట్టుకొని లోపలికి పోయింది. నీళ్ళ చెంబుతో, అరచేతిలో తెల్లటి మాత్రతో వచ్చింది. ఇన్నాళ్ళూ నా చాటున ఇచ్చిన మనిషి ఇవాళ భయంలో చాటు మరిచిపోయింది. "ఇంద. ఏసుకో. పొద్దున నేను ఏసుకోలేదు, నీకోసమే పెట్టినా."

ఆమె తను మానుకొని ఇస్తోంది. ఊపిరి అందక, గోడ పట్టుకొని నడుస్తూ, తన ప్రాణాన్ని తీసి కొడుక్కి పెడుతోంది. నిన్న నా చారును కాలవలో పోసిన మనిషే. నా కోపం ఆమె మీద నిలవలేదు. కాసేపే, కానీ నిలవలేదు.

"అత్తా" అన్నాను. ఎంత మెల్లగా చెప్పగలనో అంత మెల్లగా చెప్పాను. "ఆ బిళ్ళ నీకు కావల్ల. దినమూ ఏసుకోవల్ల, ఒక్కపూట గూడా మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పినాడు. ఆయనకు మాత్రం వద్దు. నీ తప్పేం లేదు, నీకు తెలీదు. ఆయన ఒంటికి అది పడలేదు. ఆ వాపంతా దాంతోనే వచ్చింది."

అత్త ముఖం తెల్లబోయింది. నా వైపు చూడలేదు, కొడుకు వైపే చూసింది.

"నాగేశా. డాక్టరు అట్ల చెప్పినాడా? నేనిచ్చిన దాంతోనా?"

ఎదురింట్లో లక్ష్మీనరసమ్మ చాట కింద పెట్టి వింటోంది. నేనూ ఆయన వైపే చూశాను. ఒక్క మాట చాలు. ఔను అంటే చాలు. అంతకన్నా నేను ఆయన్ను ఏమీ అడగడం లేదు.

ఆయన తల్లి చేతిలోంచి మాత్ర తీసుకున్నాడు. నోట్లో వేసుకున్నాడు. చెంబెత్తి నీళ్ళు తాగాడు. గొంతు కదలడం నాకు కనపడింది. చెంబు తల్లికిచ్చి మూతి తుడుచుకున్నాడు.

"డాక్టరు అట్లేం చెప్పలేదుమా" అన్నాడు. "ఇది ఊరికే అంటాండాది."

అత్త ఊపిరి వదిలింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నా వైపు తిరిగి నోరు తెరిచింది. తిట్టబోతోందని తెలుసు. తిట్టనివ్వలేదు.

"రేపు గుడికి నేను వస్తానత్తా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఏడుపు లేదు, అరుపు లేదు. "ఒప్పుకునేదానికి కాదు. కర్పూరం ముట్టించండి. నేను ఏమీ పెట్టలేదని చౌడమ్మ ముందర చెప్పి, నా అరచేత్తో ఆర్పుతా. అబద్ధమాడి ఆర్పినోళ్ళను ఆ తల్లి వదలదని మీకు తెలుసు. నా తర్వాత ఈయన నిలబడల్ల. డాక్టరు ఏమీ చెప్పలేదన్నాడే, ఇప్పుడు నీతో అన్న మాటే, ఆ తల్లి ముందర మళ్ళా ఒక్కసారి అని ఆర్పమను. ఆర్పితే నేను ఆడి నుంచి ఆడికే నల్లమాడ బస్సెక్కుతా. మళ్ళా నీ గడప తొక్కను."

"ఆర్పుతాడు" అంది అత్త వెంటనే. "నా కొడుక్కి భయమేమి? ఆర్పుతాడు. చెప్పరా."

నాగేశ్వర లేచి నిలబడ్డాడు. చెప్పులు కూడా వేసుకోకుండా రెండడుగులు వీధి వైపు వేసి ఆగిపోయాడు.

"నేను రాను" అన్నాడు.

అత్త చేతిలో ఖాళీ చెంబు అట్లాగే ఉండిపోయింది. కొడుకు వీపును చూసింది. ఆమె అడిగిన గొంతులో నా మీద ఉన్న కోపం ఏమీ లేదు.

"యాలరా?" అంది. "యాల రావు?"